వానాకాలం వడ్ల సెంటర్ నడిపిన: కాంటా నుంచి మిల్లు దాకా నా అనుభవం

నేను మిషన్ కుడత. జాకెట్లు, లంగాలు, బడి పిల్లల బట్టలు. నా అసలు పని అదే. అయితే 2025 అక్టోబర్ నుంచి డిసెంబర్ ఆఖరు దాకా మా మహిళా సంఘం తరఫున ఊర్ల వడ్ల కొనుగోలు సెంటర్ నడిపిన. రైతుల వడ్లు సర్కారు తరఫున మద్దతు ధరకు తూకం వేసి మిల్లుకు పంపే జాగ అది. మాది నల్లగొండ జిల్లా, కేతేపల్లి దిక్కు, మూసీ కాల్వ కింది ఊరు. 2026 సంక్రాంతికి ముందే లెక్కలు మూసినం. యాసంగికి (ఏప్రిల్‌ల కోతకొచ్చే పంటకు) సెంటర్ తీసుకోవాలెనా వద్దా అని పక్క ఊర్ల సంఘాల అక్కలు ఫోన్లు చేసి అడుగుతున్నరు. ట్రైనింగుల చెప్పేది వేరు, కల్లంల జరిగేది వేరు. అందుకే ఎప్పుడు ఏమైందో, పైసలు ఎక్కడ పెట్టినమో, పని ఎక్కడ ఆగిందో వరసగా రాస్తున్న.

దసరా అక్టోబర్ 2న అయింది. పండుగ తెల్లారి గ్రామ సంఘం మీటింగ్ పెట్టి ఐదుగురిని కమిటీగా రాసుకున్నం. ఇంటర్ దాకా చదివింది, ట్యాబ్ వాడొస్తది అని నన్ను ఇన్‌చార్జిగా పెట్టిండ్రు. ఆ వారంలనే మండలంల ఒక పూట ట్రైనింగ్ అయింది. తేమ 17 శాతం దాటొద్దు. మట్టి, రాళ్లు ఒక శాతం, తాలు, గడ్డి ఒక శాతం. ముదరని గింజలు మూడు శాతం. రంగు మారినవి, మొలకొచ్చినవి, పురుగు పట్టినవి కలిపి ఐదు శాతం. ఇదంతా రాసి ఉన్న కాగితం చేతిల పెట్టిండ్రు. నేను దాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టి షెడ్డు గుంజకు కట్టిన, సీజన్ అయిపోయే దాకా అక్కడనే ఉంచిన. మీరు గూడ మొదటి రోజే ఈ పని చేయండి. "ఎందుకు వద్దంటున్నవ్ బిడ్డా" అని రైతు అడిగినప్పుడు నా నోటి మాట కంటే గుంజకున్న కాగితమే ఎక్కువ పనిచేసింది.

సెంటర్‌కు అన్నీ సర్కారే ఇస్తదని ఊర్ల అనుకుంటరు. కాంటా (తూకం మిషన్), తేమ మిషన్, ప్యాడీ క్లీనర్ (వడ్లల్ల తాలు, మట్టి తీసేది), కుప్పల మీద కప్పే పట్టాలు మార్కెట్ కమిటీ నుంచి వస్తయి. గన్నీ సంచులు సివిల్ సప్లై (పౌర సరఫరాల శాఖ) నుంచి వస్తయి. మిగిలినవి మనమే చూసుకోవాలె. మాకు చూపించిన జాగల సర్కారు తుమ్మలు మొలిచి ఉండె, గుంతలు ఉండె. బ్లేడ్ ట్రాక్టర్ పెట్టి చదును చేయిస్తే ఆరు వేలు. వైరు, రెండు ఫోకస్ లైట్లు, కరెంటు కనెక్షన్‌కు మూడు వేల పైన. షెడ్డుకు గుంజలు, రేకులు కిరాయికి తెచ్చినం. రోజూ తాగే నీళ్ల క్యాన్లు, రిజిస్టర్లు, సుతిలి, సూదులు. మొదటి లారీ కదలక ముందే ఇరవై వేలు దాటినయి. సంఘం పొదుపుల నుంచి తీసి పెట్టినం. కమీషన్ క్వింటాలుకు ముప్పై రూపాయల పైచిలుకు ఉంటది గానీ అది సీజన్ అయిపోయినంక నెలలకు వస్తది, వచ్చేది గూడ సంఘం ఖాతాలకు. కాబట్టి చేతిల పైసలు లేని సంఘం దిగితే మొదటి వారంలనే వడ్డీకి తేవాల్సి వస్తది. ఈ మాట మాకు ట్రైనింగుల ఎవ్వరు చెప్పలే.

సెంటర్ అక్టోబర్ 18న తెరిచినం, దీపావళికి రెండు రోజుల ముందు. కొబ్బరికాయ కొట్టిండ్రు, ఫొటోలు దిగిండ్రు. ఆ రోజు కల్లంల ఉన్నవి మూడే కుప్పలు. అప్పటికి గన్నీ సంచులు రాలే, ఏ మిల్లుకు తోలాలెనో గూడ ఖాయం కాలే. మిల్లు అలాట్‌మెంట్ వచ్చేసరికి 24వ తారీఖు అయింది. ఆ లోపల కుప్పలు ముప్పై దాటినయి. కోత మిషన్లు దిగితే ఊరంత ఒక్కసారే కోతకొస్తది. మా నాయిన కాలంల కోసి, మెదలు కట్టి, కుప్పేసి, తీరికగా కొట్టుకునేటోళ్లు. గింజ కుప్పల్నే ఆరేది. ఇప్పుడు పొద్దుగాల మడిల ఉన్న వడ్లు పగటీలికి సెంటర్ల పోస్తున్నరు, ఇరవై రెండు, ఇరవై ఐదు తేమతోని. కిరాయి ట్రాక్టర్ కాబట్టి ట్రాలీ ఎత్తి పోసి పోతడు. ఆరబెట్టే జాగ ఇంటికాడ ఎవ్వరికి లేదు. అందుకని సెంటర్ అంటే కొనే జాగ ఒక్కటే కాదు, ఊరందరి కల్లం గూడ అదే. ఎంత జాగ కావాలె అని లెక్క వేసేటప్పుడు కాంటాకు, లారీకి ఎంత అని కాదు, వడ్లు పలచగ నేర్పడానికి ఎంత కావాలె అని వేయండి.

తేమ చూసుడు గురించి కొంచెం ఎక్కువ రాస్త, ఎందుకంటే లొల్లులన్నీ ఇక్కడనే మొదలైతయి. కుప్ప పైన గింజ ఎండకు కాలి గలగలమంటది. చెయ్యి మోచేతి దాకా లోపలికి తోస్తే అక్కడ సల్లగ, జిగటగ తగులుతది, ఒక్కోసారి ఆవిరి వాసన గూడ వస్తది. పైన ఒక పిడికెడు, నడుమ ఒక పిడికెడు, అడుగున ఒక పిడికెడు తీసి, తువ్వాల మీద పోసి కలపాలె. తాలు, గడ్డి పోగులు ఏరేయాలె. ఎండల ఉన్న గింజను అట్లనే పోస్తే మిషన్ ఒక లెక్క చూపిస్తది, నీడల సల్లారినంక పోస్తే ఒక లెక్క చూపిస్తది. అందుకని అందరివి నీడల పెట్టినంకనే చూసేదాన్ని. గిన్నె నిండా అంచు సమానంగ పోసి, మిషన్ల ఒంపి, బటన్ నొక్కితే అంకెలు కొంచెంసేపు ఊగి ఆగుతయి. ఆ ఊగే అంకెల మీదనే రైతు కండ్లుంటయి. 17.4 వచ్చిందంటే ఆ మొఖం చూడలేం. "పాయింట్ నాలుగే కదా అక్కా" అంటరు. నిజమే, పాయింట్ నాలుగే. కానీ ఆ పాయింట్ నాలుగు పట్టుకునే మిల్లు కాడ లారీ ఆపుతరు, అప్పుడు ఆయనకు ఇంకా ఎక్కువ పోతది. ఇంకో పూట తిరగేసి మాపటికి రమ్మంటే కోపానికొచ్చినోళ్లు, తర్వాత మిల్లు సంగతి తెలిసినంక వాళ్లే పక్కోళ్లకు చెప్పిండ్రు.

మా ఊర్ల ఒక తాత ఉన్నడు, గింజ పంటి కింద పెట్టి కొరికి తేమ చెప్తడు. టక్కుమని విరిగితే ఎండినట్టు, మెత్తగ నలిగితే పచ్చి. ఒకరోజు కొరికి పద్దెనిమిది అన్నడు, మిషన్ 17.9 చూపించింది. ఆ రోజు నుంచి మిషన్ మీద నమ్మకం లేనోళ్లను ముందుగాల తాత కాడికి పంపేదాన్ని. తాత చెప్తే ఎవ్వరు మాట్లాడకపోయేది. మీ ఊర్ల గూడ అసొంటి పెద్దమనిషి ఒకరుంటరు, కల్లంల కుర్చీ వేసి కూసోబెట్టండి.

ఇంకొకటి. చూసిన ప్రతిసారి తేమ మిషన్ మీది అంకె, వెనక కుప్ప, రైతు కనపడేటట్టు ఫోన్ల ఫొటో తీసిన. రిజిస్టర్ల తారీఖు, టైం రాసి రైతు సంతకం పెట్టించిన. కాంటా రోజు ప్రతి రైతు వడ్లల్ల నుంచి రెండు కిలోలు చిన్న సంచిల పోసి, పేరు రాసి, కుట్టి పెట్టిన. మిషన్ కుట్టేదాన్ని కాబట్టి గుడ్డ సంచులు ఇంట్లనే కుట్టుకున్న. మా కమిటీల ఒకామె "ఇన్ని సంచులు ఎందుకే చెల్లె" అన్నది. ఎందుకో నవంబర్ల తెలిసింది, కింద రాస్త.

సన్నాల (సన్న గింజ వడ్ల) సంగతి. 2025 వానాకాలంల మద్దతు ధర క్వింటాలుకు ఏ గ్రేడ్‌కు 2,389, సాధారణ రకానికి 2,369 ఉండె. సన్నాలకు రాష్ట్ర సర్కారు బోనస్ ఇంకో 500 ఉండె. అంటే సన్నాలైతే 2,889. సన్నాలా కాదా చూసేటందుకు పొట్టు తీసే చిన్న మిషన్, గింజ కొలిచే కాలిపర్ ఇచ్చిండ్రు. బియ్యపు గింజ పొడవు ఆరు మిల్లీమీటర్లు, వెడల్పు రెండు మిల్లీమీటర్లు దాటొద్దు. మా దగ్గర బీపీటీ, ఆర్ఎన్ఆర్ అనే సన్న రకాలు పెద్దగ ఇబ్బంది పెట్టలే. అయినా సన్నాలు సగం దాకా సెంటర్‌కు రానేలే. కోత మిషన్ నుంచి నేరుగ మిర్యాలగూడ మిల్లులకు పచ్చి వడ్లే తోలుకపోయిండ్రు. చింట్లు అనే సన్న రకం వేసినోళ్లు మొత్తం అటే. అక్కడ ధర తక్కువే అయినా ఆరబెట్టే బాధ లేదు, ఆ రోజే తెగిపోతది. వాళ్లను తప్పు పట్టలేం. ఇద్దరు ఆడపిల్లల తల్లి ఒకామె, మొగడు హైదరాబాద్‌ల డ్రైవర్, పన్నెండు రోజులు కల్లంల పండుకుని వడ్లు కాయాలె అంటే ఆమెతోని ఎట్లయితది? బోనస్ పోయినా సరే అని మిర్యాలగూడకే పంపింది.

ఇగ వాన.

మొంథా తుఫాను వస్తుందని అక్టోబర్ 26 నుంచే ఫోన్లు. కాంటా పెట్టి రెండు రోజులే అయింది. ఒక్క లారీ పోయింది. కల్లంల అప్పటికి యాభై కుప్పల దాకా ఉన్నయి. మాకొచ్చిన పట్టాలు కుప్పకు ఒకటి గూడ సరిపోవు. పెద్ద కుప్పకు మూడు కావాలె. రైతులు రోజుకు ఒక్క పట్టాకు ఇరవై ఐదు రూపాయలు కిరాయి ఇచ్చి తెచ్చుకున్నరు. 28 రాత్రి తుఫాను ఆంధ్రల తీరం దాటింది. 29న పొద్దుగాల్నుంచి మా దగ్గర పట్టింది, మాపటి దాకా విడవలే. కుప్పల చుట్టూ పారలతోని కాల్వలు తీసి పెట్టినం. పై నుంచి పడ్డ వానను పట్టాలు ఆపినయి. కానీ రోడ్డు దిక్కు నుంచి వరద వచ్చి పట్టాల కిందికెళ్లి పారింది. బ్లేడ్ ట్రాక్టర్‌తోని చదును చేయించినప్పుడు నీళ్లు ఎటు పోవాలె అన్నది ఎవ్వరం చూడలే, ట్రాక్టర్ ఆయన చూడలే, చూపించిన సార్లు చూడలే. రోడ్డు దిక్కు రెండు కుప్పల అడుగులు కొట్టుకపోయినయి.

అందుల ఒకటి కౌలుకు చేసిన పెద్దమ్మది. మొగడు లేడు. రెండెకరాలు కౌలు పట్టింది. నీళ్లల్ల గింజలు కొట్టుకపోతుంటే ఆమె కాల్వల కూసోని రెండు చేతులు అడ్డం పెట్టింది. మేము చేటలు, చీపుర్లు పట్టుకుని ఉరికినం. ఎత్తినకాడికి ఎత్తినం, బురదతోని. ఆమె ఏడ్వలే. "ఎంత పోయింటది బిడ్డా" అని ఒక్కటే అడిగింది. నాకు మాట రాలే. రాత్రికి నాలుగైదు క్వింటాళ్లని లెక్క తేలింది. క్వింటాలు 2,389 లెక్కన ఎంతో ఆమెకు నాకంటే ముందే తెలుసు.

దేవరకొండ దిక్కు ఇంకా ఘోరంగ ఉన్నదని టీవీల చూసినం. మా దగ్గర కుప్పలు నిలిచినయి గానీ తేమ మళ్ల ఇరవై ఐదుకు పోయింది. కార్తీక పున్నమి నవంబర్ 5, ఆ దాకా ఎండ సరిగ్గ మొఖం చూపలే. ఎండ లేనప్పుడు పట్టా తీయకుంటే లోపల ఆవిరి పట్టి వేడెక్కుతది, తీస్తే చినుకు భయం. గంటకోసారి తీసి, కాళ్లతోని సాళ్లు కొట్టి, మళ్ల కప్పుడు. మూడో రోజుకు అడుగున తెల్లటి మొలక ముక్కులు కనపడ్డయి. వాటిని చూసినప్పుడు కడుపుల తిప్పినట్టైంది. మొలకొచ్చినవి ఏరి పక్కకు పోయించిన. కొందరు వినలే, కలిపిండ్రు. వడ్లు తిరగేయడానికి కూలి మనిషికి ఐదు వందలు. ఎకరానికి పెట్టిన ఖర్చు మీద ఇది ఇంకో ఖర్చు. అంచనాకు చెప్తున్న, మా ఊర్ల చాలామంది రైతులకు వానతోని పది పన్నెండు రోజులు, మూడు నుంచి ఐదు వేలు ఎక్కువ పడ్డది.

వాన తర్వాత అందరి వడ్లు ఒక్కసారే ఎండినయి. నవంబర్ 10 నుంచి అందరికి ఆ రోజే కాంటా కావాలె. హమాలీలు పన్నెండు మంది, బిహార్ పిల్లలు. క్వింటాలుకు యాభై రూపాయలు, అది రైతే ఇస్తడు. బస్తా నలభై కిలోలు, సంచి బరువు ఆరు వందల గ్రాములు; కాంటా మీద 40.6 చూపియ్యాలె. అంతకు మించి ఒక్క గ్రాము వేయొద్దని మొదటి రోజే తీర్మానం చేసుకున్నం. "ఒక కిలో ఎక్కువ వేసి పంపితే మిల్లు కాడ లొల్లి ఉండదు, అందరు అట్లనే చేస్తున్నరు" అని చెప్పినోళ్లున్నరు. బస్తాకు కిలో అంటే క్వింటాలుకు రెండున్నర కిలోలు. వంద బస్తాల రైతుకు వంద కిలోలు. ఎవరి ఇంట్లోంచి తీసి ఇస్తం?

సీరియల్ పుస్తకం నా ప్రాణం తీసింది. కుప్ప పోసిన తారీఖు ప్రకారం సీరియల్ అని రాసిపెట్టినం. ఎండినోళ్లకు ముందు అని కొందరు, పోసినోళ్లకు ముందు అని కొందరు. చివరికి పోసిన తారీఖు ప్రకారం పిలుచుడు, తేమ రాకుంటే ఆ రోజుకు తర్వాతి ఆయనకు ఇచ్చుడు, ఎండినంక ఆయనే మొదలు అని ఒక పద్ధతి పెట్టుకున్నం. డిసెంబర్ల సర్పంచ్ ఎన్నికలు కాబట్టి నవంబర్ ఆఖరు నుంచి ప్రతి కుప్ప వెనక ఒక లీడర్ తేలిండు. "ఫలానాయనది ముందు పెట్టు" అని రాత్రి పది గంటలకు ఫోన్లు. మా మరిది గూడ ఒకరోజు వచ్చి "వదినె, మనోళ్లది కదా" అన్నడు. పుస్తకం తెరిచి ఆయనకే చదవమని ఇచ్చిన. చదివి, ఏమనకుండ పోయిండు. చాన రోజులు మాట్లాడలే. సంక్రాంతి పండుగకు మళ్ల వచ్చిండు.

కాంటా అయితే పని తెగింది అని రైతు అనుకుంటడు. బస్తాలు కుట్టి నెట్టు కట్టినంక (ఒకదాని మీద ఒకటి పేర్చినంక) లారీ రావాలె. ఒక్కోసారి ఆ రోజే వచ్చింది. ఒక్కోసారి ఆరు రోజులు రాలే. ఆ ఆరు రోజులు ఆ బస్తాలు ఎవరివి? కాగితం మీద మావి, రాత్రి కాపలా పండుకునేది రైతు. వాన వస్తే పట్టా కప్పేది రైతు. ఎలుకలు కొట్టినా, మంచుకు తేమ పెరిగినా లెక్క చెప్పాల్సింది మేము. ఈ నడుమ కాలమే అసలు పని. దీని గురించి ఏ ట్రైనింగుల గూడ ఒక్క మాట లేదు.

నవంబర్ 14న 640 బస్తాలతోని లారీ పోయింది, ముగ్గురు రైతులవి. తెల్లారి మాపటికి డ్రైవర్ ఫోన్: "అక్కా, దించుతలేరు." మిల్లు ముందర లైను ఉంటదని తెలుసు, ఒక రాత్రి ఆగుడు మామూలే. రెండో రాత్రి గూడ ఆగింది. 16న పొద్దుగాల ముగ్గురు రైతులల్ల ఇద్దరిని, నా రిజిస్టర్‌ను, మూడు గుడ్డ సంచులను ఆటోల వేసుకుని పోయిన. మిల్లు పేరు రాయను. అక్కడి సూపర్‌వైజర్ బోలు ఇనుప కడ్డీ బస్తాల గుచ్చి, అందులో పడ్డ గింజలు అరచేతిల పోసుకుని నలిపి ఊదిండు. "తాలున్నది, రంగు మారింది. బస్తాకు రెండు కిలోలు తీస్తం. ఒప్పుకుంటే దించుతం, లేకుంటె వాపస్ తీసుకపోండ్రి" అన్నడు. 640 బస్తాలకు రెండు కిలోలంటే పన్నెండు క్వింటాళ్ల ఎనభై కిలోలు. ముప్పై వేల రూపాయల పైన. లారీ వాపస్ తెస్తే కిరాయి, హమాలీ మళ్ల. రైతు చేతిల లారీ లేదు, పైసలు లేవు, ఓపిక లేదు. ఒప్పుకుంటడని వాళ్లకు తెలుసు.

మిల్లోళ్లకు గూడ ఒక లెక్క ఉన్నది, అది గూడ రాయాలె. క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి (ఉడకబెట్టని) బియ్యం సర్కారుకు తిరిగి ఇయ్యాలె. తాలు పోతే, నూక ఎక్కువైతే ఆ తక్కువ వాళ్ల మీద పడతది. తడిసిన వడ్లు ఎక్కువ నూకైతయి. ఆ భయం నాకు అర్థమైతది. కానీ దానికి బస్తాలు చూసి, మంచివి, చెడ్డవి వేరు చెయ్యాలె. లారీ మొత్తానికి ఒకే కోత (తూకంల తీసివేత) వేసుడు ఏ కాగితంల లేదు.

నేను మూడు సంచులు విప్పి బల్ల మీద పోసిన. ఫోన్ల తేమ ఫొటోలు చూపిన. "మీ మిషన్ పెట్టి చూడు తమ్మీ, మా మిషన్ వద్దు" అన్న. 16.4, 16.1, 16.8 వచ్చినయి. సివిల్ సప్లై సార్‌కు ఫోన్ చేసిన, మొదటిసారి ఎత్తలే, తర్వాత ఎత్తిండు. మధ్యాహ్నం దాకా అక్కడనే నిలబడ్డం. కూసోమనలే, నీళ్లు ఇయ్యలే. మూడింటికి ఇద్దరు రైతుల బస్తాలు ఏ కోతా లేకుండ దించిండ్రు. మూడో ఆయన వడ్లల్ల రంగు మారిన గింజలు కొన్ని ఉన్నమాట నిజం, అవి వరదకు తడిసినవి. అయినా ఐదు శాతం లోపలనే ఉన్నయి. ఆయన బస్తాలకు ఒక కిలో లెక్కన తీసిండ్రు. ఆయన అలసిపోయి "పోనీ బిడ్డా, దించుకోనీ" అన్నడు. ఆయన ఒప్పుకున్నడు గానీ నేను ఒప్పుకోలే. ట్రక్ షీట్ (లారీల ఎవరివి ఎన్ని బస్తాలో రాసిన కాగితం) మీద "కోతకు సెంటర్ ఒప్పుకోలేదు" అని రాసి, తారీఖు వేసి, సంతకం పెట్టి, ఫొటో తీసుకున్న. ఆ కిలోల పైసలు ఆయనకు ఇంకా రాలే. కాగితం మాత్రం మండల ఆఫీసుల ఇచ్చి ముద్ర వేయించుకున్న.

ఆ రోజు నుంచి ఒక మార్పు కనపడ్డది. మా సెంటర్ లారీలు ఆగినా కోత మాట తక్కువైంది. నేను గూడ ఒక పద్ధతి పెట్టుకున్న: ఒక లారీల ఎక్కడిదాకా ఎవరి బస్తాలో వరస రాసి, రైతుకో రంగు సుతిలితోని కుట్టించిన. ఎర్రది, పచ్చది, నీలంది. ఒకరి బస్తాల తప్పు పట్టినా పక్కోడికి తగలకుండ ఉంటది. సుతిలికి రెండు వందలు ఎక్కువ పడ్డది, అంతే.

పైసల గురించి. మిల్లుల దిగి, ట్రక్ షీట్ వాపస్ వచ్చి, ట్యాబ్‌ల ఎక్కించినంకనే రైతు ఖాతాకు పోతయి. కాంటా అయిన తారీఖు నుంచి లెక్కేసుకోవద్దు, ట్యాబ్ ఎక్కిన తారీఖు నుంచి లెక్కేసుకోండి. అట్ల చూస్తే చాలామందికి మూడు నాలుగు రోజులల్ల పడ్డయి. కాంటా నుంచి చూస్తే పది, పదిహేను రోజులు. అందుకే తిట్లు మాకు. బోనస్ వేరేగ పడతది, ఆలస్యంగ పడతది. ఇది రాసే నాటికి కొందరికి ఇంకా రావాల్సే ఉన్నది. మా దగ్గర గ్రామీణ బ్యాంకు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకుల కలిసింది. చాలామంది ఇంట్ల పాత పాస్‌బుక్కులే ఉన్నయి, వాటి మీద పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్. అందుకని కుప్ప పోసిన రోజే బ్యాంకుకు పంపి కొత్త పాస్‌బుక్కు జిరాక్స్ తెప్పించిన. ఆధార్‌ల పేరు ఒక తీరు, బ్యాంకుల ఒక తీరు ఉన్నోళ్లను గూడ అప్పుడే పట్టుకోవచ్చు. కాంటా రోజు పట్టుకుంటే టైం ఉండదు.

కౌలు రైతులది వేరే బాధ. మా సెంటర్ల పొలం పట్టా ఎవరి పేరు మీద ఉంటే పంట వాళ్ల పేరు మీదనే ఎక్కింది, పైసలు గూడ వాళ్ల ఖాతాలనే పడ్డయి. వరదకు పోగొట్టుకున్న పెద్దమ్మది అట్లనే. పట్టాదారు హైదరాబాద్‌ల ఉంటడు. పైసలు ఆయనకు పడ్డ రోజు నేనే ఫోన్ చేసి "కాకా, పడ్డయి చూడు" అన్న. మంచి మనిషి, కౌలు పట్టుకుని మిగిలినవి రెండో రోజే పంపిండు. అందరు అట్ల ఉండరు. కౌలు రైతు, పట్టాదారు ఇద్దరిని ముందే ఒక్కకాడ కూసోబెట్టి సంతకం తీసుకుంటే మనకు, వాళ్లకు మంచిది. మేము తెల్ల కాగితం మీద రాయించినం.

మన ఒంటి సంగతి ఎవ్వరు అడగరు, రాస్త. వడ్ల దుమ్ము ఒంటికి తగిలితే దురద. మెడ, మోచేతులు రాత్రంత గోకుడే. దగ్గు డిసెంబర్ల పట్టుకుంటే సంక్రాంతికి తగ్గింది. నిండు చేతుల జాకెట్టు, మూతికి గుడ్డ, నెత్తికి తువ్వాల లేకుండ కాంటా కాడ కూసోవద్దు. మూత్రానికి పోవడానికి జాగ లేదు. ఐదుగురు ఆడోళ్లం నడిపే సెంటర్, చుట్టూ మొగోళ్లు, లారీలు. పొద్దంత నీళ్లు తాగకుండ కూసున్నం. నవంబర్ నడుమ నాకు మంట లేచి నకిరేకల్ దవాఖానకు పోవాల్సి వచ్చింది, మందులకు ఎనిమిది వందలు. తర్వాత రేకులతోని చిన్న మరుగు కట్టించినం, పదిహేను వందలైనయి. ఈ పని మొదటి రోజే చేయాలె, కొబ్బరికాయ కంటే ముందు.

ఇంట్ల అత్తమ్మ వండింది, మా ఆయన సద్ది తెచ్చి ఇచ్చిండు. కుట్టుడు పని మొత్తం ఆగింది. పెండ్లిళ్ల బట్టలు పక్క ఊరి టైలర్‌కు పోయినయి, అందుల కొందరు మళ్ల నా కాడికి రాలే. మొత్తం పదివేల క్వింటాళ్ల పైన కొన్నం. కమీషన్ వచ్చినంక ఖర్చులు, సంఘానికి పోయేది పోను మిగిలింది ఐదుగురం పంచుకుంటే నా వంతుకు పదిహేను వేల లోపలే ఉంటది. కుట్టుకుంటే ఈ మూడు నెలలకు అంతకంటే ఎక్కువ వచ్చేది. మరి ఎందుకు చేసినవ్ అంటే, ఊర్ల కాంటా కాడ మా సంఘం కూసుంటే బస్తాకు 40.6 తూగింది. ఇంతకుముందు అడ్తి దళారుల కాంటాల మీద ఎట్ల తూగేదో మా నాయిన చెప్పంగ చిన్నప్పటి నుంచి విన్న.

యాసంగి సెంటర్ మళ్ల తీసుకుంటున్నం. ఏప్రిల్‌ల కోతలు. రోడ్డు దిక్కు కట్ట పోసి, తూము పెట్టమని పంచాయతీల దరఖాస్తు ఇచ్చినం. కొత్త సర్పంచ్ చూసి పోయిండు, పని ఇంకా మొదలు కాలే. రెండో తేమ మిషన్ అడిగినం. పట్టాల కోసం ఇప్పుడే మార్కెట్ కమిటీకి లెటర్ రాసినం, మార్చి దాకా ఆగితే పక్క ఊర్లకు పోతయి. కొత్తగ తీసుకునే అక్కలు సీరియల్ పుస్తకం, తేమ రిజిస్టర్ ఎట్ల గీసుకోవాలెనో చూడాలనుకుంటే మా ఊరికి రండ్రి, రెండు పుస్తకాలు నా కుట్టు మిషన్ అరల్నే ఉన్నయి. ఆదివారం తప్ప ఏ రోజైనా పగటీలి దాకా ఇంట్లనే ఉంట.